బండిలో కిర్రుకిర్రు: ఎక్కడ పుడుతుందో పట్టుకోవడం, ఎట్లా మాన్పించడం



ప్రతిసారీ పురుగు గురించి, ఆకు గురించి, గూళ్ల ధర గురించి రాస్తుంటాము. ఈసారి ఆ మూడింటినీ మోసే బండి గురించి. మన గ్రూపులో చాలామంది వాయిస్ మెసేజీలు పెడుతున్నారు. "అన్నా, బండిలో ఒకటే కిర్రుకిర్రు. మెకానిక్కు దగ్గరికి పోతే ఆయన ముందర మాత్రం చప్పుడే రాదు" అని. ఇది చిన్న విషయంలాగా కనిపిస్తుంది. మాకు మాత్రం ఇది ఒక పంటలో కొంత భాగం పోగొట్టింది, ఇంకొంచెం అయితే బండినే పోగొట్టేది. అందుకే వివరంగా రాస్తున్నాము. నిదానంగా చదవండి, దాచిపెట్టుకోండి.

*ముందు మా బండి కథ*

మాది సెకండ్ హ్యాండ్ ఓమ్నీ. వెనక సీట్లు పీకేసి ఆకు కొమ్మలు, చాకీ ట్రేలు, గూళ్ల సంచులు వేసుకుంటాము. కిందటి ఎండాకాలం నుంచి వెనక ఎడమ పక్క కిర్రుమని మొదలైంది. ప్రతి హంప్‌కూ ఒకసారి, మట్టి దారిలో అయితే తెంపు లేకుండా. డోరు దగ్గర నుంచే వస్తున్నట్టు వినిపించింది.

మాలో ఒకరు తొందరపడి పాత ఇంజన్ ఆయిలు, కిరసనాయిలు కలిపి జారుడు డోరు పట్టాలోను, చుట్టూ ఉన్న రబ్బరుకు దట్టంగా పూసేశారు. రెండు రోజులు చప్పుడు లేదు. ఎంత సంతోషమో! ఆ రెండో రోజు సాయంత్రమే కోసిన కొమ్మలు వేసుకొచ్చి ఐదో దశలో ఉన్న పురుగుకు మేత వేశాము. డోరు పక్కన ఆనుకొని వచ్చిన కొమ్మలు ఏ అంతస్తు మీద పడ్డాయో ఆ అంతస్తులో పురుగు ఆకు ముట్టలేదు. తలలెత్తి అటూ ఇటూ ఊపుతూ అంచులకు పాకింది. కొన్ని పచ్చగా కక్కి చచ్చిపోయాయి. రాత్రికి రాత్రే ఆ మేత తీసేసి, పక్క తోటవాళ్లను అడిగి ఆకు తెచ్చి వేస్తే మిగిలినవి తేరుకున్నాయి.

ఇంత జరిగినా చప్పుడు పోయిందా అంటే అదీ లేదు. వారం తిరిగేసరికి డోరు రబ్బరు ఉబ్బి జిగురుజిగురుగా అయింది. డోరు సరిగ్గా పడటం మానేసింది, లోపలికి దుమ్ము. కిర్రుకిర్రు మళ్లీ మొదలు. ఒక మెకానిక్కు "రబ్బరు మార్చాల" అన్నాడు. మార్చాము. చప్పుడు అట్లే ఉంది. అప్పుడు కూర్చొని, పురుగు రోగాన్ని ఎట్లా వరుసగా చూస్తామో అట్లా బండిని చూశాము. దొరికింది. ఏం దొరికిందో చివర చెప్తాము.

*చప్పుడు ఎందుకు పుడుతుంది*

బండి చప్పుళ్లు చాలా రకాలుగా వినిపించినా, పుట్టే దారులు మూడే.

మొదటిది కిర్రు. రెండు వస్తువులు ఒకదానికొకటి ఒత్తుకొని రాసుకుంటే వచ్చేది. అవి నున్నగా జారవు. కాసేపు అంటుకుంటాయి, తర్వాత ఉన్నట్టుండి జారతాయి, మళ్లీ అంటుకుంటాయి. ఇది సెకనుకు వందలసార్లు జరిగితే మన చెవికి కిర్రుమని వినిపిస్తుంది. ఫిడేలు కమాను తీగ మీద లాగినప్పుడు జరిగేది కూడా ఇదే. మన తాతల కాలంలో ఎద్దులబండి ఇరుసుకు కందెన పెట్టింది ఇందుకే.

రెండోది టకటక. రెండు వస్తువుల మధ్య సందు ఉండి, బండి ఊగినప్పుడు ఒకదాన్ని ఒకటి కొట్టుకుంటే వచ్చేది. వదులైన బోల్టు, విరిగిన క్లిప్పు, కట్టని జాకీ ఇట్లాంటివి.

మూడోది గుయ్ మనే మోత. పలుచని రేకో ప్లాస్టిక్కో ఇంజన్ అదురుకు తగ్గట్టు అదిరితే వచ్చేది. ఒక స్పీడులో మాత్రమే వచ్చి, ఇంకొంచెం స్పీడు పెంచితే పోతుంది.

ఈ తేడా ఎందుకు తెలియాలంటే, మందు వేరు కాబట్టి. కిర్రుకు జారుడు కావాలి, లేదా రెంటి మధ్య మెత్తని గుడ్డ కావాలి. టకటకకు బిగింపు కావాలి. గుయ్ మనేదానికి రేకు వెనక మెత్తని దిండు కావాలి. టకటకకు ఆయిలు పోస్తే ఏమీ జరగదు. మేము పోసిన కిరసనాయిలు సంగతి పైన చదివారు కదా.

*ముందు అపాయం చప్పుళ్లను పక్కకు తీయండి*

బాడీ చప్పుడు విసుగు తెప్పిస్తుంది. కొన్ని చప్పుళ్లు ప్రాణం తీస్తాయి. వెతుకులాట మొదలుపెట్టే ముందు ఇవి కాదని తేల్చుకోండి.

బ్రేకు తొక్కినప్పుడు కీచుమంటే: డిస్కు బ్రేకు ప్యాడ్లు అరిగిపోయి ఉండొచ్చు. చాలా ప్యాడ్లకు ఒక చిన్న రేకు పెట్టి ఉంటారు. ప్యాడ్ అరిగాక అది డిస్కుకు తగిలి కీచుమని హెచ్చరిస్తుంది. గరగరమని ఇనుము ఇనుము రాసుకునే దాకా ఆగొద్దు.

స్పీడు పెరిగేకొద్దీ హూ మనే మోత పెరుగుతూ పోతే: చక్రం బేరింగు.

ముందు చక్రాలు లాగే కారులో, స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలినప్పుడు కటకటమంటే: యాక్సిల్ చివర ఉండే జాయింటు.

గుంతలో పడినప్పుడు ముందు నుంచి దబ్ దబ్ మని, స్టీరింగు కూడా ఒక పక్కకు లాగుతుంటే: బాల్ జాయింటో, కింద ఆర్మ్ బుష్షో.

చక్రం మార్చిన తర్వాత కొత్తగా లయగా టక్ టక్ అంటే: బండి ఆపి చక్రం నట్లు చూడండి. ఇది రేపు చూసే పని కాదు.

ఇవేవీ కావని తెలిశాక మిగిలినవి తీరికగా వెతకొచ్చు.

*వెతికే వరుస*

తొందరపడి సామాను విప్పొద్దు. ఈ వరుసలో పోండి. సగం చప్పుళ్లు మొదటి రెండు మెట్లలోనే దొరుకుతాయి.

1. బండి ఖాళీ చేయండి. జాకీ, పానా, స్టెప్నీ, నీళ్ల సీసాలు, కొడవలి, తాళ్లు, డ్యాష్‌బోర్డు అరలో ఉన్న చిల్లర, అద్దానికి కట్టిన దండ, అన్నీ బయట పెట్టండి. ఖాళీ సీట్ల బెల్టు బకిల్సు ప్లాస్టిక్కుకు తగలకుండా కట్టేయండి. ఇప్పుడు అదే రోడ్డులో ఒకసారి పోయి రండి. చప్పుడు పోతే దొంగ దొరికినట్టే. ఒక్కొక్కటి తిరిగి పెడుతూ పోతే ఏదో తెలుస్తుంది.

2. ఎప్పుడు వస్తుందో రాసుకోండి. ఒక చీటీ మీద ఇవి రాయండి: పొద్దున చలిలోనా, మధ్యాహ్నం ఎండలోనా? ఖాళీ బండిలోనా, లోడు వేసినప్పుడా? హంప్ మీదనా, మలుపులోనా, బ్రేకు తొక్కితేనా? వాన పడ్డాక తగ్గిందా?

ఈ చీటీయే సగం మెకానిక్కు. బండి నిలబెట్టి ఇంజన్ రేజ్ చేసినా వస్తే ఇంజన్ పక్కో, సైలెన్సర్ పక్కో చూడాలి. చక్రం తిరిగే లెక్కకు తగ్గట్టు వేగంగా, నిదానంగా వస్తే చక్రం దగ్గరిది. గుంతలోనే వస్తే బాడీది, లేదా స్ప్రింగుది. తెల్లవారుజామున మార్కెట్టుకు పోయేటప్పుడు వచ్చి మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు రాకపోతే ప్లాస్టిక్కు మీద అనుమానం పెట్టండి. ప్లాస్టిక్కు చలికి ముడుచుకొని ఎండకు సాగుతుంది, రేకు అంత సాగదు, కాబట్టి రెంటి మధ్య సందు మారుతూ ఉంటుంది. వానలో తడిశాక తగ్గి, ఆరాక మళ్లీ వస్తే కింద ఉన్న రబ్బరు బుష్షుల మీద అనుమానం.

3. ఇద్దరు పోండి. నడిపేవాడికి చప్పుడు ఎక్కడిదో సరిగ్గా తెలియదు. రేకు డబ్బాలో చప్పుడు ఒక చోట పుట్టి ఇంకో చోట వినిపిస్తుంది. మాకు డోరులో వినిపించింది అట్లే. ఒకరు నిదానంగా నడపాలి, ఇంకొకరు వెనక కూర్చొని వినాలి. అనుమానం ఉన్న చోట అరచేత్తో గట్టిగా ఒత్తి పట్టుకోవాలి. ఒత్తితే చప్పుడు మారిందా, ఆగిందా, అక్కడే ఉంది. కిటికీ అద్దాలు ఎత్తి, ఫ్యాను, పాటలు ఆపేసి వినండి. డోరు తెరిచి బయటికి వంగి వినే పని మాత్రం ఎవరూ చేయొద్దు.

తోడు ఎవరూ లేకపోతే ఫోనులో రికార్డింగు పెట్టి, ఒక గుడ్డలో చుట్టి ఒక మూలన కట్టేయండి. అదే రోడ్డు, అదే స్పీడు, నాలుగు మూలలకు నాలుగుసార్లు. ఇంటికొచ్చి వింటే ఏ మూలది గట్టిగా ఉందో తెలిసిపోతుంది.

4. నిలబెట్టి ఊపండి. ఇంజన్ ఆపి, చదును చోట బండి నిలబెట్టి, ఒక్కొక్క మూల మీద ఒళ్లు బరువు వేసి కిందికి నొక్కి వదలండి. ఇంకొకరు చక్రం దగ్గర కూర్చొని వినాలి. నిలబడిన బండిలోనే కిర్రుమంటే మీ అదృష్టం, వెతుకులాట సుళువు.

5. ఒక చక్రం ఎత్తు మీద ఎక్కించండి. గట్టు మీదో రాతి మెట్టు మీదో ఒక ముందు చక్రం మాత్రమే ఎక్కించి, హ్యాండ్ బ్రేకు వేసి, మిగిలిన చక్రాలకు రాళ్లు పెట్టండి. బాడీ కొంచెం మెలి పడుతుంది. ఇప్పుడు డోర్లన్నీ తెరిచి మూయండి. ఏ డోరు పట్టేస్తుందో, ఏది వదులుగా పడుతుందో చూడండి. మన మట్టి దారుల్లో బండి మెలిపడేది ఇట్లే కాబట్టి చప్పుడు ఇక్కడ బయట పడుతుంది.

6. కాగితం, పౌడరు, టేపు. మూడూ ఇంట్లో దొరికేవే.

కాగితం: డోరు అంచున ఒక కాగితం ముక్క పెట్టి డోరు మూసి లాగండి. కొంచెం బిగువుగా రావాలి. ఊరికే జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు ఆనడం లేదు. ఒక అడుగు ఒక అడుగు జరుపుతూ చుట్టూ చూడండి.

పౌడరు: ముఖానికి పూసుకునే పౌడరు రబ్బరు మీద పలుచగా చల్లి డోరు మూసి పది నిమిషాలు నడపండి. ఎక్కడ పౌడరు పూర్తిగా తుడుచుకుపోయిందో అక్కడ రాసుకుంటోంది. పౌడరు వేయగానే చప్పుడే ఆగిపోతే ఇంక అనుమానం లేదు, ఆ రబ్బరే.

టేపు: ప్లాస్టిక్కు ముక్కలు కలిసే సందుల మీద పెయింటర్లు వాడే కాగితపు టేపు అంటించండి. ఒక్కొక్క సందుకు ఒక్కొక్క రోజు. ఏ టేపు వేసినప్పుడు చప్పుడు ఆగిందో అదే చోటు.

7. నీళ్ల పరీక్ష. ఇది కింద భాగానికి. రబ్బరు బుష్షుల మీద ఒక్కొక్కదానికి సీసాతో నీళ్లు పోసి, వెంటనే బండి ఊపి చూడండి. తడిసిన రబ్బరు కాసేపు జారుతుంది, చప్పుడు ఆగుతుంది. ఏ బుష్షుకు పోసినప్పుడు ఆగిందో అదే అరిగింది. ఖర్చు లేదు, రబ్బరు చెడిపోదు. కానీ ఒకసారికి ఒక బుష్షే. అన్నింటికీ ఒకేసారి పోస్తే ఏదో తెలియదు.

*ఏ బండిలో ఎక్కడ చూడాలి*

ఓమ్నీ: 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చిన ఈ బండి తయారీ 2019లో ఆగిపోయింది. అంటే బాగేపల్లి, చింతామణి, చేళూరు దారుల్లో తిరిగే ప్రతి ఓమ్నీ పాతదే. ముందు జారుడు డోర్లు చూడండి. పైన, మధ్యలో, కింద మూడు చోట్ల రోలర్లు ఉంటాయి. పట్టాలో మట్టి, ఆకు ముక్కలు పేరుకొని రోలరు తిరగకుండా ఈడ్చుకుపోతుంది. తర్వాత వెనక డిక్కీ డోరు కొక్కెం, దాని రబ్బరు. సీట్లు పీకేసిన చోట మిగిలిన బోల్టులు, బిగింపు రేకులు. వెనక కమాన్ పట్టీలు. ఈ బండికి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే అన్నీ మోస్తుంది. అందుకని తుప్పు పట్టి అతుకు ఊడినా చప్పుడు రూపంలోనే మొదట తెలుస్తుంది. కింద పడుకొని టార్చి వేసి చూడండి.

బొలెరో పికప్‌లు, టాటా ఏస్‌లు: వీటిలో ఎక్కువ చప్పుడు వెనక లోడు బాడీది. డాలా కొక్కేలు, కీళ్లు, గొలుసులు. కొక్కెం అరిగి వదులైతే డాలా ప్రతి గుంతకూ కొట్టుకుంటుంది. తర్వాత క్యాబిన్‌కు, లోడు బాడీకి ఛాసిస్ మీద ఉండే రబ్బరు దిండ్లు. అవి నలిగిపోతే రేకు ఇనుము మీద కూర్చుంటుంది. కమాన్ పట్టీలను పట్టే యూ బోల్టులు వదులైనా కిర్రుమంటుంది. పైన గూళ్ల సంచులకు నీడ కోసం వేసుకున్న ఇనుప కమ్మీల చట్రం కూడా మరిచిపోవద్దు. ఆ వెల్డింగు మనమే చేయించింది, అది ఊడిపోవడం మామూలే.

ఇంటి కారు: సీటు కింద పట్టాలు, తల ఆనించే దిండు కమ్మీలు, వెనక అద్దం కింద ఉండే పలక, నంబరు ప్లేటు, బానెట్ కింద రబ్బరు గుండీలు. ఈ గుండీలు తిప్పితే పైకి కిందికి జరుగుతాయి. బానెట్ వాటి మీద ఆనేటట్టు ఒక్క చుట్టు తిప్పితే చాలు, చాలా కార్లలో ముందు చప్పుడు పోతుంది.

*సరిచేయడం: దేనికి ఏది*

డోరు రబ్బరుకు: ముందు తడిగుడ్డతో దుమ్ము తుడిచి ఆరనివ్వండి. తర్వాత సిలికాన్ గ్రీజు గాని, సిలికాన్ స్ప్రే గుడ్డ మీద కొట్టి ఆ గుడ్డతో గాని పలుచగా పూయండి. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, ఇంజన్ ఆయిలు, మామూలు గ్రీజు రబ్బరుకు వద్దే వద్దు. డోరు చుట్టూ ఉండే మెత్తని రబ్బరు నూనెను పీల్చుకొని ఉబ్బిపోతుంది. మా అనుభవం పైన చెప్పాము.

డోరు కొక్కేనికి, కీళ్లకు: పాత మురికి తుడిచి తెల్ల గ్రీజు కొంచెం. డోరు వదులుగా పడుతుంటే బాడీ పక్క ఉండే కొక్కెం స్క్రూలు వదులు చేసి, ఒక్క వెంట్రుక అంత లోపలికి జరిపి బిగించండి. పాత చోటు గుర్తుండేలా ముందే పెన్సిలుతో గీత గీసుకోండి.

జారుడు పట్టాకు: బ్రష్షుతో మట్టి అంతా తీసేయాలి. ఇదే ముఖ్యమైన మందు. మురికి మీద గ్రీజు వేస్తే సానరాయి అవుతుంది. తిరగని రోలరును మార్చడమే, నూనెతో బతికించలేము.

ప్లాస్టిక్కు సందులకు: వైర్లకు చుట్టే గుడ్డ టేపు గాని, మెత్తని ఫెల్టు ముక్క గాని సందులో పెట్టండి. స్పాంజి కూడా పనికొస్తుంది కాని నీళ్లు తగిలే చోట పెట్టొద్దు, నీళ్లు పట్టుకొని రేకు తుప్పు పడుతుంది. విరిగిన క్లిప్పును అంటించే బదులు కొత్తది వేయండి. క్లిప్పు చిన్నదే, దొరుకుతుంది.

కమాన్ పట్టీలకు: ముందు కడిగి దుమ్ము, తుప్పు తీయాలి. పట్టీల చివర ప్లాస్టిక్కో రబ్బరో ముక్కలు ఉంటే అరిగాయా చూడండి, అరిగితే మార్చండి. అట్లాంటివి లేని పాత రకం పట్టీలను విప్పినప్పుడు మధ్యలో గ్రాఫైటు గ్రీజు పూయించండి. పైపైన ఇంజన్ ఆయిలు చిలకరిస్తే నాలుగు రోజులు బాగుంటుంది, తర్వాత మన ఎర్రమట్టి దానికి అంటుకొని ఇంకా ఎక్కువ అరుగుతుంది.

రబ్బరు బుష్షులకు: అరిగితే మార్చడమే. ఇక్కడ ఒక చిన్న సంగతి చాలామంది వదిలేస్తారు. రబ్బరు బుష్షు బోల్టును చివరిగా బిగించేటప్పుడు బండి బరువు చక్రాల మీదనే ఉండాలి. జాకీ మీద ఎత్తి, చక్రం వేలాడుతున్నప్పుడే బిగించేస్తే, బండి కిందికి దించగానే రబ్బరు మెలి తిరిగి అట్లే ఉండిపోతుంది. కొత్త బుష్షు కొన్ని నెలలకే చిరిగి మళ్లీ కిర్రుమంటుంది. కొత్త బుష్షు వేయించినా చప్పుడు తిరిగొచ్చిందని మన గ్రూపులో చెప్పినవాళ్లు ఈసారి దగ్గరుండి ఇది చూసుకోండి.

బ్రేకుల దగ్గర: ఏ స్ప్రే కొట్టొద్దు, ఏ గ్రీజు పూయొద్దు. డిస్కు మీద సిలికాన్ పడితే చప్పుడుతో పాటు బ్రేకు కూడా పోతుంది.

బండి కింద దూరేటప్పుడు: జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు. సరైన స్టాండు పెట్టండి. ఇటుకలు పేర్చి దూరొద్దు, ఇటుక ఉన్నట్టుండి పగులుతుంది.

*పురుగు పెంచేవాళ్లకు ప్రత్యేకంగా*

టౌను మెకానిక్కుకు తెలియనిది, మనం మరిచిపోకూడనిది ఇది. మన బండిలో వచ్చే ఆకే పురుగుకు అన్నం. పట్టుపురుగు ఎంత సున్నితమో మీకు చెప్పాల్సిన పని లేదు. పొగాకు, పురుగుమందు, కిరసనాయిలు, పెయింటు, ఏ వాసనా దానికి పడదు. మొత్తం పంటలో పురుగు తినే ఆకులో నూటికి 80 పాళ్లకు మించి ఐదో దశలోనే తింటుంది. అంటే బండి ఎక్కువ తిరిగేది, చప్పుడు ఎక్కువ విసిగించేది, మనకు చేతులు దురద పెట్టేది కూడా అప్పుడే. సరిగ్గా అప్పుడే ఏమీ పూయొద్దు.

ఈ పనులన్నీ రెండు పంటల మధ్య పెట్టుకోండి. షెడ్డు కడిగి, మందు కొట్టి ఆరబెట్టే రోజుల్లో బండి పని కూడా చేసేయండి. గ్రీజు, స్ప్రే వాడాక డోర్లు తెరిచి బండిని ఎండలో, గాలిలో కనీసం రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత ఆకు వేసే చోటు సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఆకు ఎప్పుడూ శుభ్రమైన తడి గోనెపట్టా పరిచి దాని మీదే వేయండి, పక్కల రేకుకు తగలకుండా చుట్టండి. కొత్తగా పని చేయించిన బండిలో తెచ్చిన మొదటి ఆకును ముందు గుప్పెడు పురుగుకు వేసి చూడండి. అవి తింటేనే మిగిలినవాటికి వేయండి. మేము ఆరోజు ఇది ఒక్కటి చేసి ఉంటే ఆ అంతస్తు మిగిలేది.

షెడ్డు పక్కన బండి నిలిపి స్ప్రే కొట్టొద్దు. గాలికి కిటికీ వల దాటి లోపలికి పోతుంది. మెకానిక్కు పని చేసి వచ్చిన చేతులతో షెడ్డులోకి పోవద్దు, సబ్బుతో కడుక్కొని బట్టలు మార్చుకోండి.

ఇంకొకటి, అదురు. కిర్రుమనే బండి చాలాసార్లు ఎక్కువ అదిరే బండి కూడా. చాకీ కేంద్రం నుంచి పురుగును జ్వరంలో ఉండగా, చల్లటి పూట తెచ్చుకోమని చెప్పేది అది కదలక, మెదలక ఉండే సమయం కాబట్టి. అప్పుడు ట్రేలు ఒకదాని మీద ఒకటి ఎగిరెగిరి పడితే ఏం లాభం? గూళ్లదీ అంతే. లోపల గూటిపురుగు తోలు ఇంకా గట్టిపడకముందే కోసి, కుక్కి నింపి, కమాన్లు చచ్చిన బండిలో శిడ్లఘట్ట దాకా ఎత్తి కుదేస్తే లోపలే చితికి గూడు మరకపడుతుంది. మార్కెట్టులో రీలరు చెయ్యి పెట్టి చూసేది ఆ మరకనే. వల సంచుల్లో వదులుగా నింపి, ఒకదాని మీద ఒకటి ఎక్కువ పేర్చకుండా, చల్లటి పూట తీసుకుపోవడం మీకు తెలిసిందే. దానికి తోడు బండి కూడా ఎగరకుండా ఉండాలి.

*చివరికి మా ఓమ్నీలో ఏం దొరికింది*

బండి ఖాళీ చేశాము, చప్పుడు పోలేదు. చీటీ రాశాము. పొద్దున, మధ్యాహ్నం తేడా లేదు. లోడు వేస్తే ఎక్కువ. వాన పడ్డ రోజు మాత్రం దాదాపు లేదు. అక్కడే మాకు వెలిగి ఉండాలి, వెలగలేదు. డోరుకు పౌడరు వేశాము, తేడా లేదు. అంటే డోరు కాదు. నిలబెట్టి ఊపితే వెనక ఎడమ మూల పలికింది. సీసాతో కమాన్ ముందు కన్ను బుష్షుకు నీళ్లు పోశాము, చప్పుడు అట్లే ఉంది. వెనక షాకిల్ బుష్షుకు పోశాము. ఆగిపోయింది!

సరే, బుష్షు మారిస్తే పోతుందని చక్రం తీయించాము. తీసి బ్రష్షుతో మట్టి గీకితే, రెండో పట్టీ మీద మధ్య బోల్టు పక్కన అడ్డంగా సన్నని గీత. మొదట గీరుకుపోయింది అనుకున్నాము. గుడ్డతో తుడిచి చూస్తే పగులు. బుష్షు చచ్చిపోయి పట్టీ సాఫీగా ఆడలేక, ప్రతి లోడుకూ పక్కకు మెలిపడి అట్లా అయిందని పట్టీలు చూసే పెద్దాయన చెప్పాడు. మేము ఆ వారంలోనే పంట కోసి గూళ్లు వేసుకొని, తెల్లవారుజామున 44వ నంబరు హైవే ఎక్కాల్సి ఉండింది. లారీల మధ్య ఆ పట్టీ విరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడం కూడా ఇష్టం లేదు.

పట్టీ మార్చాము, రెండు పక్కలా బుష్షులు మార్చాము, బండి దించాక బోల్టులు బిగించాము. ఓమ్నీ ఇప్పుడు మాట్లాడటం లేదు. ఉబ్బిన డోరు రబ్బరు మాత్రం రెండోసారి కొనాల్సి వచ్చింది. అది మా తొందరపాటుకు కట్టిన జరిమానా.

ఇందులో మేము నేర్చుకున్నది ఒక్కటే. చప్పుడును మూయించడం వేరు, చప్పుడు ఏం చెప్తోందో వినడం వేరు. పురుగు ఆకు వదిలేస్తే దాన్ని తిట్టము కదా, ఎందుకు వదిలిందని చూస్తాము. బండికి కూడా అంతే ఓపిక పెడితే చాలు.

మీ బండి చప్పుడు రికార్డు చేసి గ్రూపులో పెట్టండి. దాంతో పాటు చీటీలో రాసుకున్నవి కూడా పెట్టండి: ఏ బండి, ఎప్పుడు వస్తుంది, లోడుతోనా ఖాళీగానా, వానలో ఎట్లా ఉంది. తెలిసినవాళ్లు తెలిసింది చెప్తారు. మీరు సరిచేసుకున్న చప్పుడు ఉంటే అది కూడా చెప్పండి, ఇంకొకరికి పనికొస్తుంది.

వచ్చేసారి మళ్లీ పురుగు దగ్గరికే వద్దాము. మీ పంట బాగా పండాలి, గూళ్లు మంచి ధరకు పోవాలి, బండి చప్పుడు లేకుండా ఇల్లు చేరాలి.